న్యూజిలాండ్ వెళ్తున్నాం: మావోరీలను షోలో కాకుండా మామూలుగా కలవడం కుదురుతుందా?

బెజవాడ బాటసారి (విజయవాడ)

నమస్తే అండీ. మా అక్కావాళ్లు హామిల్టన్‌లో ఉంటారు. ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని వెళ్తున్నాను, మార్చి చివరిదాకా ఉంటాం. ఏజెంట్ పంపిన ప్లాన్‌లో రోటొరువా దగ్గర ‘మావోరీ కల్చరల్ ఈవెనింగ్ విత్ డిన్నర్’ అని ఒక్క లైను ఉంది. మావోరీలంటే అక్కడి మూలవాసులు. అది చూసి అమ్మ, “డబ్బు కట్టి డాన్సు చూసి, భోంచేసి వచ్చేస్తే వాళ్లని కలిసినట్టా? వాళ్ల ఊళ్లోకి వెళ్లలేమా?” అంది. రిటైరైన సోషల్ టీచరు, ఓ పట్టాన వదలదు.

అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. పిలవకుండా వెళ్లడం మర్యాదేనా? పరిచయం ఎలా మొదలవుతుంది? అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. అదొక టెన్షన్.

రైలుబండి రాజు (విశాఖపట్నం)

బ్రదర్, నేను అలాంటి షో ఒకటి చూశాను. మా బస్సులోంచి ఒకాయన్ని “ఈయన మీ నాయకుడు” అని నిలబెట్టారు. ఎదురుగా ఈటె పట్టుకుని ఒక కుర్రాడు కళ్లు పెద్దవి చేసి వస్తుంటే మా వాళ్లు పకపకా నవ్వులు. తర్వాత అందరూ నాలుక బయటపెట్టి సెల్ఫీలు. ఎనిమిదింటికి భోజనం, తొమ్మిదిన్నరకి బస్సు. అంతా కమర్షియల్. దాని బదులు వైటొమోలో చీకట్లో మెరిసే పురుగులుండే గ్లోవార్మ్ గుహలు చూసుకోండి, ప్రకృతి అయినా మిగులుతుంది.

సుజాత హామిల్టన్ (న్యూజిలాండ్)

రాజు గారూ, ఆ గుహలు ఎవరివనుకున్నారు? 1887లో తానె తినొరౌ అనే మావోరీ పెద్ద, ఫ్రెడ్ మేస్ అనే ఇంగ్లీషు సర్వేయరు కలిసి కాడలతో కట్టిన తెప్పమీద, కొవ్వొత్తుల వెలుగులో లోపలికి వెళ్లారు. రెండేళ్లకే తానె తినొరౌ టూరిస్టులను తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. 1906లో ప్రభుత్వం గుహలను లాగేసుకుంది. 1989లో ఆయన వారసులకి తిరిగి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లలో ఆ కుటుంబాలవాళ్లు చాలామంది. మీరు మావోరీలను తప్పించుకుని మావోరీల దగ్గరికే పంపిస్తున్నారు.

షో సంగతి కూడా కొంచెం చెప్పనివ్వండి. డబ్బు తీసుకున్నారు కాబట్టి అబద్ధం అనుకోవడం సరికాదు. రోటొరువా వైపు ఉండే తె అరావ జనాలకి అతిథులను తిప్పి చూపించడం 1870ల నుంచీ వృత్తి. తరవేర కొండ దగ్గర గులాబీ రంగువీ తెల్లవీ వేడినీటి మెట్లు ఉండేవి, వాటిని చూడటానికి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవాళ్లు. సోఫియా హినెరంగి అనే ఆవిడ అక్కడ పేరున్న గైడు. 1886 జూన్ 10 తెల్లవారుజామున తరవేర పేలింది. ఆ మెట్లూ పోయాయి, ఊళ్లూ బూడిద కింద పోయాయి, దాదాపు 120 మంది చనిపోయారు. తె వైరోవా ఊళ్లో ఆ రాత్రి సోఫియా ఇంట్లో తలదాచుకున్న అరవై మందికి పైగా బతికారు. మిగిలినవాళ్లలో చాలామంది ఫాకరేవరేవా అనే ఊరికి వచ్చి మళ్లీ గైడు పనే మొదలుపెట్టారు. ఇవాళ ఆ ఊళ్లో టికెట్టు తీసుకుంటే మిమ్మల్ని తిప్పేది ఆ వారసులే. ఇళ్ల మధ్యలో ఆవిరి పైకి లేస్తుంటుంది, వాళ్లు అక్కడే కాపురం ఉంటున్నారు.

కాబట్టి బాటసారి గారూ, సాయంత్రం డిన్నర్ ఉంచుకోవాలా తీసేయాలా అన్నది మీ ఇష్టం. ఫాకరేవరేవా మాత్రం పగటిపూట, తొందర లేకుండా వెళ్లండి. గైడుని కొండల గురించి అడిగినట్టే వాళ్ల అమ్మమ్మ గురించి అడగండి. చెప్పే మాటే మారిపోతుంది.

రైలుబండి రాజు

గుహల విషయంలో పాయింటే, ఒప్పుకున్నాను. కానీ నవ్వుల సంగతి అలాగే ఉంది మేడమ్. అది చూస్తే నాకే సిగ్గేసింది.

సుజాత హామిల్టన్

ఆ సిగ్గు మీకు రావడం మంచిదే, నవ్వినవాళ్లకి వచ్చి ఉంటే ఇంకా మంచిది. ఆ ఈటె కుర్రాడు చేసేదాన్ని వెరో అంటారు. వచ్చినవాళ్లు పోరుకి వచ్చారా స్నేహానికి వచ్చారా తేల్చుకోవడం. కింద ఒక ఆకో చిన్న కర్రో పెడతాడు. మీ నాయకుడు అతని కళ్లలోకి చూస్తూనే వంగి దాన్ని తియ్యాలి. షోలో అయినా సరే అక్కడ నవ్వకూడదు. చాలాచోట్ల ముందే చెబుతారు, బస్సు దిగిన హడావిడిలో ఎవరూ వినరు.

ఉప్పుకారం (గుంటూరు)

అసలు విషయానికి రండి. తిండి ఏంటి?

ఫిజీ వెంకన్న (ఆక్లాండ్)

అందరికీ దండాలు. మా ముత్తాత విశాఖ జిల్లావాడు. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి చెరుకు తోటలకి ఓడల్లో తీసుకుపోయినారు కదా, ఆ బాపతు. 1987లో ఫిజీలో సైన్యం తిరగబడినాక మా నాన్న మమ్మల్ని ఆక్లాండు తెచ్చినాడు. నా తెలుగు ఇంట్లో నేర్చుకున్నది, సర్దుకోండి.

మా కోడలిది నార్త్‌ల్యాండ్, ఙాపుహి తెగ. ఆ సంబంధం కలిసినాకే నాకు మావోరీ అంటే ఏమిటో తెలిసింది. అంతకుముందు పక్కింటివాళ్లు, రగ్బీ క్లబ్బువాళ్లు, పలకరింపు వరకే.

కోడలి అమ్మమ్మ పోయినప్పుడు వాళ్ల మరాయేకి వెళ్లినాం. మరాయే అంటే ఒక తెగ అంతా కూడుకునే చోటు, చెక్కుళ్ల పెద్ద ఇల్లు, ముందు ఖాళీ జాగా, పక్కన వంటిల్లు. చావుకి మూడు దినాలు అందరూ అక్కడే. పెట్టె మూత తీసి ఉంటది, ఒక్క నిమిషం కూడా ఆమెని ఒంటరిగా వదలరు. వచ్చినవాళ్లు ఆమెతోనే నేరుగా మాట్లాడతారు, తిట్టేవాళ్లు తిడతారు కూడా. “నా బాకీ తీర్చకుండా పోతావా” అని ఒక ముసలాయన అరిచినాడు, అందరూ ఏడుస్తూ నవ్వినారు. రాత్రి నేల మీద వరసగా పరుపులేసి ఆమె పక్కనే నిద్ర.

నాకు ఉపన్యాసం రాదు, పాట రాదు. వంటింట్లోకి పోయి ఆలుగడ్డలు చెక్కు తీసినాను, గిన్నెలు తుడిచినాను. అక్కడ గట్టి నియమాలు ఉంటాయి. గిన్నెలు తుడిచే గుడ్డ గిన్నెలకే. దాన్ని ఒంటి బట్టలతో కలిపి మెషీన్‌లో వెయ్యరు. తినే బల్ల మీద కూర్చోరు. తలకింద దిండు మీద కూర్చోరు. పడుకున్న మనిషిని దాటిపోరు. ఎదుటివాళ్ల తల ముట్టుకోరు.

రెండో రోజుకి ఆ వంటింటి ఆడవాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచి పని చెప్పడం మొదలుపెట్టినారు. బాటసారి తమ్ముడూ, ఎట్లా కలవాలని అడిగినావు కదా. ముందువైపు నిలబడితే అతిథివి. వెనకవైపు వంటింట్లో చెయ్యి కలిపితే మనిషివి. టూరిస్టుకి అంత అవకాశం దొరకదనుకో, అయినా భోజనం అయినాక తువ్వాలు తీసుకుని గిన్నెల దగ్గరకి పోతే ఎవరూ కాదనరు.

అనసూయ (వరంగల్)

వెంకన్న గారి పోస్టు రెండుసార్లు చదివాను.

ఉప్పుకారం

నా ప్రశ్న ఇంకా గాల్లోనే ఉంది.

సుజాత హామిల్టన్

ఉప్పుకారం గారూ, వస్తున్నా. హాంగి అంటే గుంట తవ్వి, రాళ్లు ఎర్రగా కాల్చి, వాటి మీద బుట్టల్లో తిండి పెట్టి, తడిబట్టలు కప్పి, మట్టి పూడ్చి మూడు నాలుగు గంటలు ఉంచడం. మాంసం, కోడి, దాంతోపాటు కూమర అనే చిలగడదుంప, గుమ్మడికాయ, ఆలు, క్యాబేజీ. అన్నీ ఒకే ఆవిరిలో ఉడుకుతాయి, కూరలకి మాంసం ఆవిరి తగులుతుందో లేదో మీరే ఊహించుకోండి. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు వారం ముందే చెబితే కూరలు విడిగా చేసి పెడతారు. రేవెన అని ఆలుగడ్డ పులుపుతో చేసే రొట్టె ఉంటుంది. అది ఎక్కువగా శాకాహారమే, అయినా గుడ్డు, పాలు సంగతి అడిగి తినండి. ఫాకరేవరేవాలో మొక్కజొన్న పొత్తులు వేడినీటి గుంటలో దించి ఉడకబెట్టి అమ్ముతారు. అమ్మకి అది భేషుగ్గా సరిపోతుంది. కొంచెం ఉప్పగా ఉంటుంది, వెన్న రాస్తారు.

పచ్చడి సీసా పట్టుకెళ్లొచ్చా అని తర్వాత అడుగుతారని తెలుసు. విమానాశ్రయంలో తిండి ఏదున్నా డిక్లేర్ చెయ్యాలి, చెయ్యకపోతే అక్కడికక్కడే జరిమానా.

ఉప్పుకారం

ధన్యవాదాలు. అదే అడగబోతున్నాను.

మిలటరీ మూర్తి (సికింద్రాబాద్)

ఒక చిన్న విషయం. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మోంటే కాసినో యుద్ధం. 28వ మావోరీ బెటాలియన్ కింద రైల్వే స్టేషన్ మీద దాడి చేసిన రాత్రే మన 4వ ఇండియన్ డివిజన్ పైన మఠం కొండ మీద పోరాడింది. రెండూ ఒకే న్యూజిలాండ్ కోర్ కింద. మరాయేల గోడల మీద ఆ బెటాలియన్ కుర్రాళ్ల ఫోటోలు తరచు కనపడతాయి. కనపడితే ఆగి పేర్లు చదవండి. మాట కలపడానికి వాతావరణం కన్నా మంచి విషయం. ఫోటోల ఫోటో మాత్రం అడక్కుండా తీయకండి.

కృష్ణలంక వకీలు (హైదరాబాద్)

అమ్మగారు సోషల్ టీచరంటున్నారు కాబట్టి ఇది ఆవిడ కోసం. 2017 మార్చిలో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనూయి నదికి మనిషితో సమానమైన చట్టపరమైన హోదా ఇచ్చింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు, ఒకరు ప్రభుత్వం నుంచి, ఒకరు ఆ నది తెగల నుంచి. అది ఎవరికో పుట్టిన కొత్త ఆలోచన కాదు, ఆ తెగలవాళ్లు 1870ల నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నారు. వాళ్ల మాట ఒకటే: నేనే నది, నదే నేను. అదే నెలలో మన ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకి జీవం ఉన్న వ్యక్తుల హోదా ఇచ్చింది. జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్కడ నూటయాభై ఏళ్ల పోరాటం, తెగలతో ఒప్పందం, డబ్బు, కార్యాలయం ఉన్నాయి. ఇక్కడ ఒక తీర్పు కాగితం ఉంది. తేడా అదే.

తెడ్డు వెయ్యగలిగినవాళ్లు ఆ నది మీద పడవలో వెళ్లొచ్చు. తౌమరునూయి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్లు, ఐదు రోజులు పడుతుంది. మధ్యలో తియెకె కైంగ అని ఒక చోటు ఉంది. రాత్రి బస చేసే గుడిసె కూడా అదే, మరాయే కూడా అదే. ఆతిథ్యమిచ్చేవాళ్లు ఉంటే లాంఛనంగా లోపలికి పిలుస్తారు. మందు నిషిద్ధం.

నల్లమల నడక (కర్నూలు)

అన్నా, పడవ వద్దు, నడక చెప్పండి. టోంగరీరో అగ్నిపర్వతం దాటే రూటు ఎలా ఉంటుంది?

కృష్ణలంక వకీలు

దాదాపు 20 కిలోమీటర్లు, ఒక్క రోజు. ఆ శిఖరాలను 1887లో తె హెయుహెయు తూకినో అనే అధిపతి జాతీయ ఉద్యానవనం కోసం ఇచ్చాడు. పక్కన ఙౌరుహోయె శిఖరం నున్నగా కనపడుతూ రమ్మంటుంది. అక్కడి తెగలు శిఖరాలు ఎక్కొద్దని కోరుతున్నాయి, ఎక్కేదారి బోర్డులు కూడా తీసేశారు. నిషేధం లేదు, కోరిక మాత్రమే. ఎక్కకుండా వచ్చినవాళ్లని ఎవరూ మెచ్చుకోరు, అయినా ఎక్కకండి.

రైలుబండి రాజు

నది తల్లి, కొండ దేవుడు, గుమ్మం బయట చెప్పులు, మనిషిని దాటకూడదు, తల ముట్టుకోకూడదు... చదువుతుంటే వీళ్లు అచ్చం మనోళ్లే అనిపిస్తోంది. పారిహాకా అని ఒక ఊళ్లో గాంధీగారికంటే ముందే సత్యాగ్రహం చేశారట, గాంధీ వాళ్ల దగ్గరే నేర్చుకున్నారని ఒక వీడియోలో విన్నాను.

అనసూయ

రాజు గారూ, రెండు మాటలు.

పారిహాకా నిజం. తరనాకి కొండ కింద తె ఫితి, తోహు అనే ఇద్దరు పెద్దల ఊరు. ప్రభుత్వం కబ్జా చేసిన భూముల్లో సర్వేయర్లు గుర్తులు పెడుతుంటే 1879లో వీళ్ల మనుషులు వెళ్లి ఆ భూమిని దున్నేసేవాళ్లు. అరెస్టు చేస్తే ఇంకో జట్టు నాగళ్లతో వచ్చేది. 1881 నవంబర్ 5న దాదాపు 1600 మంది సాయుధులు ఊరి మీదికొస్తే దారిలో పిల్లలు పాటలు పాడుతూ కూర్చున్నారు, ఆడవాళ్లు రొట్టెలు పట్టుకుని ఎదురొచ్చారు. ఊరిని నేలమట్టం చేశారు, పెద్దలిద్దరినీ విచారణ లేకుండా బంధించారు. ఆ రోజుకి గాంధీ 12 ఏళ్ల పిల్లాడు. ఆయన వీళ్ల దగ్గర నేర్చుకున్నారనడానికి ఆధారమేదీ నాకు కనపడలేదు. గాంధీతో ముడిపెడితేనే వాళ్లకి విలువ వస్తుందా? పారిహాకాలో ఇప్పటికీ ప్రతి నెలా 18, 19 తేదీల్లో జనం కలుస్తారు. వెళ్లి వాళ్ల నోటే వినొచ్చు.

రెండోది ఈ ‘అచ్చం మనోళ్లే’. ఇది మనకున్న తియ్యటి జబ్బు. ఎక్కడికెళ్లినా మన దగ్గరా ఇలాగే ఉంది అని చెప్పేసి వినడం ఆపేస్తాం. చెప్పులు విప్పడం ఒకటే కావచ్చు. కానీ 1863లో వైకాటో మీద సైన్యాన్ని నడిపించి పన్నెండు లక్షల ఎకరాలు లాక్కున్నారే, ఆ భూమి మీదే హామిల్టన్ ఉంది. దాని అసలు పేరు కిరికిరిరోవా. హామిల్టన్ అనేది 1864లో గేట్ పా దగ్గర మావోరీలతో పోరులో చచ్చిపోయిన నౌకాదళ కెప్టెన్ పేరు. బాటసారి గారి అక్క ఇల్లు ఆ నేల మీదే. అది ‘మనలాగే’లో ఎక్కడ ఇముడుతుంది?

రైలుబండి రాజు

అమ్మా, పొగుడుదామనే అన్నాను.

ఫిజీ వెంకన్న

రాజు బాబు మనసు మంచిదే. అనసూయమ్మ మాట కూడా మంచిదే.

నాకు తెలిసింది చెబుతాను. ఆక్లాండుకి దక్షిణాన పుకెకోహె అని ఊరు, ఎర్రమట్టి, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. 1926లో అక్కడే తెల్లోళ్లు వైట్ న్యూజిలాండ్ లీగ్ అని పెట్టినారు, మన ఇండియావాళ్లని, చైనావాళ్లని పొలాల నుంచి తరమాలని. అదే ఊళ్లో మావోరీలకి మంగలి షాపులో క్షవరం చెయ్యరు, సినిమా హాల్లో మంచి సీట్లు ఇయ్యరు, 1960ల దాకా. అక్కడ మన గుజరాతీ, పంజాబీ రైతులు, మావోరీ కూలీలు ఒకే చేలో వంగి పనిచేసినారు. కొందరు పెళ్లిళ్లు చేసుకున్నారు. కొందరు మనోళ్లు మావోరీలని చిన్నచూపు కూడా చూసినారు. అది ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నా. ఇప్పుడు కూడా మన ఇళ్లల్లో వినపడతది: సోమరులు, సర్కారు డబ్బు తింటారు అని. మీ అక్కా బావా అట్లా అనకపోవచ్చు, వాళ్ల స్నేహితులు అంటే మీరు ఊరుకోకండి.

బెజవాడ బాటసారి

ఇంత వస్తుందని అనుకోలేదు. అమ్మకి అన్నీ చదివి వినిపించాను. అనసూయ గారి పోస్టు ప్రింటు తీయమంది. వైతాంగి డే ఫిబ్రవరి 6 అంటున్నారు, దానికి వెళ్లమంటారా?

సుజాత హామిల్టన్

1840లో బ్రిటిష్ రాణి తరఫున హాబ్సన్, మావోరీ అధిపతులు ఒప్పందం మీద సంతకాలు పెట్టిన చోటు అది. ఇంగ్లీషు ప్రతిలో ఒకటి, అధిపతులు సంతకం పెట్టిన మావోరీ ప్రతిలో ఇంకొకటి ఉండటంతో ఆ గొడవ ఇవాళ్టికీ నడుస్తోంది. 2024 నవంబర్‌లో ఆ ఒప్పందానికి కొత్త అర్థం చెప్పే బిల్లు వస్తే దేశం కొసల నుంచి జనం నడిచి వెల్లింగ్టన్ చేరారు, పోలీసుల లెక్కే 42 వేలు. 2025 ఏప్రిల్‌లో బిల్లు ఓడిపోయింది. వైతాంగి డే రోజు తెల్లవారుజామున ప్రార్థన, 35 మీటర్ల యుద్ధపడవ నీళ్లలోకి దించడం, నిరసనలు, ఐస్‌క్రీమ్ బళ్లు, అన్నీ ఒకేచోట ఉంటాయి. హామిల్టన్ నుంచి మాత్రం ఐదారు గంటల డ్రైవ్, పార్కింగ్ కష్టం, అమ్మకి మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి.

మీకు దగ్గర్లో ఉన్నది ఙారువాహియా. మావోరీ రాజుల మరాయే తూరంగవైవై అక్కడే, 2024లో తండ్రి పోయాక పట్టానికి వచ్చిన రాణికి అప్పుడు 27 ఏళ్లు. మార్చిలో అక్కడ వైకాటో నది మీద పడవ పందాలు జరుగుతాయి, అందరూ వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో ఆ మరాయేలోకి పిలుపు లేకుండా వెళ్లకూడదు.

పిలుపు ఎలా వస్తుందంటారా? మీ అక్క పనిచేసే చోట అడగమనండి. ఇక్కడ బడులు, ఆసుపత్రులు, ఆఫీసులు కొత్తగా చేరినవాళ్లని మరాయేకి తీసుకెళ్లడం మామూలే, ఇంట్లోవాళ్లని రానిచ్చే సందర్భాలూ ఉంటాయి. పిలిస్తే తెలుసుకోవాల్సింది ఇది. గేటు దగ్గర గుంపుగా ఆగాలి. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలుస్తుంది, దాన్ని కరంగ అంటారు. ఆ పిలుపు లేనిదే ఎంత గొప్ప మగాడైనా అడుగు వెయ్యడు. మెల్లగా నడవాలి, మధ్యలో చనిపోయినవాళ్లని తలుచుకుంటూ ఒకసారి ఆగాలి. ఫోన్లు సంచిలో పెట్టేయాలి. ఎక్కువ తెగల్లో ముందు వరసలో మగవాళ్లు కూర్చుంటారు, ప్రసంగాలు వాళ్లే చేస్తారు. అమ్మగారికి అది నచ్చకపోవచ్చు. దీని మీద మావోరీ ఆడవాళ్లలోనే వాదనలు ఉన్నాయి, వాళ్ల వాదన వాళ్లకి వదిలేద్దాం. ప్రతి ప్రసంగం వెనక ఒక పాట ఉండాలి, అంటే మీ జట్టు కూడా పాడాలి. ఏ పాటైనా సరే, అందరికీ వచ్చినదై ఉండాలి. తర్వాత కోహ అని కవరు పెడతారు. మన పెళ్లిలో చదివింపుల్లాగా ఇంత అని ఎవరూ చెప్పరు, ఉత్త చేతులతో మాత్రం ఎవరూ వెళ్లరు. అది అయ్యాక వరసగా హోంగి, ముక్కూ నుదురూ ఆనించి ఒక్క ఊపిరి పంచుకోవడం. తొందరపడి ముక్కు గుద్దుకోకండి, కళ్లద్దాలు తీసేస్తే సుఖం. తర్వాత టీ. టీ తాగేదాకా మీరు పరాయివాళ్లు, తాగాక కాదు.

అమ్మగారు చీర కట్టుకుంటే చక్కగా ఉంటుంది.

ఇంకోటి. అక్కడ తమ గురించి చెప్పుకునేటప్పుడు ముందు కొండ, తర్వాత నది, ఆ తర్వాత తెగ, ఆఖర్న పేరు చెబుతారు. మీరూ మీ కొండ, మీ నది చెప్పండి. ఇక్కడి కొండని ‘నా కొండ’ అనకండి, కొందరికి అది ఇబ్బందిగా ఉంటుంది. పలకడానికి భయపడకండి, అచ్చులు మనవే, దీర్ఘాలు మనవే, బడిలో నేర్చుకుని వదిలేసిన ఙ ఇక్కడ పనికొస్తుంది.

నల్లమల నడక

పచ్చరాయి లాకెట్ ఎవరికి వారు కొనుక్కోకూడదు, ఎవరైనా ఇస్తేనే వేసుకోవాలంటారు, నిజమేనా?

సుజాత హామిల్టన్

పోనము అంటారు దాన్ని. ఇచ్చిపుచ్చుకోవడం మీద వచ్చిన మాట అది, చట్టమేం కాదు, సొంతానికి కొనుక్కునేవాళ్లు చాలామంది. చూడాల్సింది వేరే. దక్షిణ దీవిలో సహజంగా దొరికే పోనము 1997 చట్టంతో ఙాయి తాహు తెగకి చెందింది. గిఫ్టు షాపుల్లో చాలాసార్లు విదేశీ జేడ్ రాయి అమ్ముతారు. ఎక్కడ దొరికింది, ఎవరు చెక్కారు అని అడగండి. మొహమాటపడకండి, నిజమైనదైతే సంతోషంగా చెబుతారు.

ఊరికే చదువరి (చెన్నై)

ఇదంతా చదివాక ఒకటి చేరుస్తున్నాను. వెల్లింగ్టన్‌లోని తె పాప మ్యూజియంలో తమిళ అక్షరాలున్న కంచు గంట ముక్క ఉంది. కొలెన్సో అనే మిషనరీకి 1836 ప్రాంతంలో ఫంగరేయి దగ్గర కనపడింది. అప్పటికి మావోరీలు దాన్ని వంటపాత్రగా వాడుతున్నారు. మొహిదీన్ బక్ష్ ఓడ గంట అని దాని మీద రాసి ఉంది. ఆ ఓడ అక్కడికి ఎలా చేరిందో ఎవరూ తేల్చలేదు.

ఉప్పుకారం

గంటలో వంట. నాకు వీళ్లు నచ్చారు.

బెజవాడ బాటసారి

తిరిగొచ్చాం, కాబట్టి బాకీ తీరుస్తున్నాను.

వైతాంగికి వెళ్లలేదు, మోకాళ్లే గెలిచాయి. ఏజెంట్ డిన్నర్ తీసేసి ఫాకరేవరేవాకి వెళ్లాం. గైడు యాభై దాటిన ఆవిడ. సుజాత గారు చెప్పినట్టు అమ్మ వాళ్ల అమ్మమ్మ గురించి అడిగింది. ఆవిడ అప్పటిదాకా బట్టీ పట్టిన పాఠంలా చెబుతున్నది ఆపేసి, మమ్మల్ని ఒక ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ సిమెంటు తొట్లు, పక్కన సన్నటి కాలవలోంచి వేడినీళ్లు. సాయంత్రం చల్లార్చిన నీళ్లు తొట్టిలోకి వదిలి ఊరంతా స్నానం చేసేది అక్కడేనట, వాళ్ల అమ్మమ్మ ఆ తొట్టి గట్టు మీద కూర్చునే మొత్తం ఊరి తగాదాలు తీర్చేదట. మొక్కజొన్న పొత్తు అమ్మ రెండు తింది.

అక్క పనిచేసే చోటువాళ్లు ఒక మరాయేలో పగలంతా ఉండే కార్యక్రమం పెట్టారు, మమ్మల్నీ రమ్మన్నారు. ఏ మరాయేనో రాయను, వాళ్లని అడగలేదు. పాట సంగతి ముందే తెలుసు కాబట్టి అమ్మ ఒక జోలపాట అనుకుంది. అక్కకి, బావకి, నాకు కారులో వల్లెవేయించింది. లోపల మా ప్రసంగం బాధ్యత అక్క ఆఫీసులోని మావోరీ కొలీగ్ తీసుకున్నాడు. ఆయన ముగించగానే మేం లేచి పాడాం. బావ శ్రుతి గురించి రాయను. ఎదురు వరసలో ఇద్దరు ముసలమ్మలు మాటలు తెలియకపోయినా రెండో చరణానికి తల ఊపుతూ గొంతు కలిపారు.

టీ తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి గురించి వాళ్లు చెప్పారు, ఆడా మగా తేడా లేదు. అమ్మ లేచి ఇంద్రకీలాద్రి, కృష్ణ, ఆ తర్వాత మా ఊరు, తన పేరు చెప్పింది. అక్క ఇంగ్లీషులో చెబుతుంటే ఒక పెద్దావిడ ఆపి, “మీ నది ఇప్పుడు ఎలా ఉంది? ఆరోగ్యంగా ఉందా?” అని అడిగింది. మర్యాదకి అడిగినట్టు లేదు, జవాబు కోసం ఆగింది. అమ్మ ఒక్క క్షణం తడుముకుని, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునగడం, పడవల్లో పాలప్యాకెట్లు పంచడం, కాలవలు పూడ్చి ఇళ్లు కట్టడం, అన్నీ క్లాసులో చెప్పినట్టు చెప్పింది. ఆవిడ వైకాటో నది సంగతి చెప్పింది: ఆనకట్టలు, పాడి పొలాల నుంచి వచ్చే మురుగు, 2010లో నదిని బాగుచేసే బాధ్యతలో తెగలకి వాటా రావడం. ఇద్దరూ భోజనం దగ్గర కూడా అదే మాట్లాడుకున్నారు. భోజనంలో అమ్మకి కూరలు వేరే ట్రేలో పెట్టి మీద చీటీ అంటించారు. వెంకన్న గారూ, గిన్నెల దగ్గరికి వెళ్లాను. పనికి ముందే నలుగురున్నారు, నాకు స్పూన్లు ఇచ్చారు.

మార్చిలో పడవ పందాలు కూడా చూశాం. జనం కిటకిట. హాకా, అంటే కాళ్లు నేలకేసి కొడుతూ గుంపుగా అరుస్తూ చేసే వాళ్ల నృత్యం, గట్టు మీద నుంచి వింటే కాళ్ల కింద నేల అదిరింది. ఒకటి అడగాలి: అమ్మ, ఆ పెద్దావిడ వాట్సాప్ నంబర్లు మార్చుకున్నారు. ఇప్పుడు ఆవిడ వాన పడినప్పుడల్లా నది ఫోటో పంపిస్తోంది. అమ్మ ప్రకాశం బ్యారేజీ ఫోటోలు నన్ను తీయమంటోంది. ఇది ఎన్నాళ్లు?

ఫిజీ వెంకన్న

నువ్వు అడిగింది ఇదే కదా తమ్ముడూ. తియ్యి ఫోటోలు.

అనసూయ

సింగ్‌నగర్ ఫోటోలు కూడా పంపమనండి, బ్యారేజీ ఒక్కటే కాదు.

రైలుబండి రాజు

బాగుంది. మేం ఈసారి జులైలో వెళ్తున్నాం, పిల్లలతో. ఏదో నక్షత్రాల పండగ ఉందట, ఎక్కడికి వెళ్లాలి సుజాత గారూ? నవ్వనివ్వను, హామీ.

సుజాత హామిల్టన్

మతారికి. 2026లో సెలవు జులై 10న. 2022 నుంచే ప్రభుత్వ సెలవు. మన కృత్తికలే అవి, తెల్లవారకముందు తూర్పున మళ్లీ కనపడినప్పుడు కొత్త సంవత్సరం. వాంగనూయి, తరనాకి వైపు కొందరు వాటికి బదులు పువంగ అనే ఇంకో నక్షత్రాన్ని చూస్తారు, అక్కడికెళ్తే అది గుర్తుంచుకోండి. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు పిలుస్తారు, వండిన తిండి ఆవిరిని నక్షత్రాలకి నివేదిస్తారు. కొన్నిచోట్ల అందరినీ రానిస్తారు, సిటీ కౌన్సిల్ పేజీల్లో జూన్ మొదట్లో వివరాలు పెడతారు. తెల్లవారుజామున ఐదింటికి నిలబడాలి, మంచు ఉంటుంది. పిల్లలకి చేతి తొడుగులు, రెండు జతల సాక్సులు. ఫ్లాస్కులో పాలు పట్టుకెళ్లండి గానీ కార్యక్రమం అయ్యేదాకా మూత తీయకండి.